హస్తవాసి కాదు

కోడలి కాఫీ కప్పు కడుగుతుంటే పిడికి కట్టిన నల్లదారం ముళ్ళు మళ్ళీ చేతికి తగిలాయి. కుట్లు వేసే దారం. కాఫీ చల్లారేలోపు ఒక్క ఎడమచేత్తోనే ముడి వేయడం సాధన చేస్తుంది. సర్జన్‌గా ఇన్నేళ్ళు చేసి జుట్టు నెరుస్తున్నా ఆ అలవాటు మానలేదు. "ఇంకా ముళ్ళేయడం దగ్గరే ఉన్నావా?" అని మా అబ్బాయి ఎగతాళి. తల ఎత్తకుండానే, ఉన్నానంటుంది.

ఆమెది మంచి హస్తవాసి అని జనం చెప్పుకుంటారు. నేనూ ఒకసారి మురిసిపోయి ఆ మాటే అన్నాను. "మీ అబ్బాయి పైకొస్తే కష్టపడ్డాడంటారు. నా చేతికి మాత్రం అదృష్టమా అత్తయ్యా?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు చాలాకాలం గుచ్చుకుంది.

ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు ఆమెని ఆపరేషన్లు మానేసి ఆఫీసు కుర్చీలో కూర్చోమంటున్నారు. పెద్ద హోదా, అయిదింటికల్లా ఇల్లు. మా అబ్బాయికి తెగ నచ్చింది. ఇల్లు ఇల్లులా ఉంటుందట. నీ మాటైతే వింటుంది, ఒప్పించమ్మా అని నా మీద పెట్టి వెళ్ళాడు. నాకూ ఆశే. గుమ్మం దాటిన మనిషి తిరిగొచ్చేదాకా నా ప్రాణం కుదుటపడదు. మా ఆయనా, మా చెల్లెలూ ఇప్పుడే వస్తానని వెళ్ళి తిరిగి రానివాళ్ళే.

ఆమె డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోగానే, ఆ కోతల్లో నీకేముందమ్మా అని అడిగాను.

"చివరి ముడి వేశాక ఆ పని అయిపోతుంది అత్తయ్యా. నేను చేశాను, అయిపోయింది. ఇంట్లో ఏ పనైనా అలా అయిపోతుందా?"

తోమిన గిన్నెలే తోమాను, మడిచిన బట్టలే మడిచాను. పొయ్యి దగ్గర పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను, అదీ పాలు పొంగితే మధ్యలో వదిలేసి. ఇది నేను పూర్తిచేశానని చూపించడానికి ఒక్కటి లేదు. బతుకంతా మనుషుల్ని సాగనంపుతూ కూర్చున్నాను. ఈ పిల్ల మనుషుల్ని వాళ్ళ ఇళ్ళకి తిరిగి పంపుతోంది. నా కోడలు, అని మెల్లగా పైకే అనుకున్నాను.

"వదలకు," అన్నాను.

"వదలాలని లేదు. మీరేమంటారోనని ఆగాను," అంది.

సాయంత్రం మా అబ్బాయి చెప్పులు విప్పుతూనే, ఏమందమ్మా అని అడిగాడు.

"వద్దంది. నేనూ వద్దన్నాను. అయిదింటికి ఇంటికొచ్చే ఉద్యోగం నీకేమైనా దొరుకుతుందేమో చూసుకో నాన్నా."