వేసవి దాటించే మనిషి

పొద్దు పొడవకముందే కొలనులో మోకాలిలోతు నీళ్లలో నిలబడి థోవా వెదురుబద్దతో, నీటిమీద తేలే చిట్టి ఆకుమొక్క అజొల్లాను కొడుతోంది. బాదినకొద్దీ బలిసే బిడ్డ లోకంలో అదొక్కటే! తునిగిన ప్రతి రెక్కా ఓ మొక్క. చలికాలంలో పొలమంతా పరుచుకుని, మట్టిలో కలిసి వరికి బలమవుతుంది. గాలిలోని నత్రజనిని దాచేది అది. దాన్ని దోచేది నత్తజనం. అందుకే థోవా వంగి నత్తలు ఏరుతుంది, పురుగు పట్టినవి తీస్తుంది, బూడిద చల్లుతుంది, పందిరి నీడ జరిగినవైపు దాన్ని మందలా తోలుతుంది. నానిన కాలివేళ్లు అల్లంకొమ్ముల్లా ముడతలు పడ్డాయి. గోరంత ఆకు గాలిని అన్నం చేస్తుందని తలుచుకుంటే, ఈ పనికొచ్చిన ముప్పై ఆరేళ్ల తరువాత కూడా ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ వేసవికి కొలనులో బతికింది చాటెడే. అది చస్తే వచ్చే నాట్లకు ఊరికి విత్తు లేదు.

పొద్దెక్కాక పొరుగూరి నుంచి కూతురు లియెన్ వచ్చి, ఓ మట్టిగడ్డను గట్టుమీద విసిరింది. పగల్లేదు.

"మా పొలమమ్మా. యూరియా పోసీ పోసీ ఇలా చేశాడు మీ అల్లుడు."

"ఇటుకల బట్టీ పెట్టుకోండి, కలిసొస్తుంది."

"నవ్వకు. సగం విత్తు ఇవ్వు. వేసవి ఎట్లా దాటించాలో చెప్పు."

"చెబితే మీ చిన్నాన్న నన్ను ఈ బురదలోనే పాతేస్తాడే!"

ఆ విద్య కోడళ్లకే చెప్పాలి; థోవాకు కోడలు లేదు. కూతుళ్లకు చెబితే దాన్ని అత్తారింటికి పట్టుకుపోతారని ఊరి భయం. థోవా అత్తగారు సొంత కూతుళ్లను గదిలో పెట్టి గొళ్లెం వేసి మరీ కోడలికి నేర్పింది. పైగా చాటెడును చీలిస్తే రెండు సగాలూ మాడిపోవచ్చు.

థోవా గడ్డను నీళ్లలో ముంచి చాలాసేపు పిసికింది.

"ఒక్క వానపామూ లేదే," అంది, ఎవరో పోయిన కబురు విన్నట్టు. "పట్టు బుట్ట."

మధ్యాహ్నం పొరుగూళ్లో లియెన్ ఇంటి వెనక గుంటలో థోవా ఆ పచ్చదనాన్ని వదిలింది. "మూడో రోజు కొట్టు. జాలిపడ్డావో, చస్తుంది." పందిరి లేదు. ఎండ నిప్పులు కక్కుతోంది. తన తాటాకు టోపీ తీసి, నాలుగు పుల్లలు గుచ్చి, నీళ్లమీద గొడుగులా నిలబెట్టింది.

"మరి నీ తలో?"

"నా తలేమైనా రెట్టింపవుతుందా? పోనీ."

వట్టి తలతో ఆ ఎండలోనే ఇంటికి నడిచింది. కొలను గట్టున కూర్చుంది. సాయంత్రం మరిది ఖ్వాట్ పిలిస్తే పలకలేదు.

థోవా కర్మకాండ జరిగిన మూడు రోజులూ కొలను ముఖం ఎవరూ చూడలేదు. ఎవరూ ఏరలేదు, కొట్టలేదు. నాలుగో నాటికి అందులో గోధుమరంగు నురగే మిగిలింది. ఖ్వాట్ లియెన్ గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డాడు.

"అమ్మాయీ... మీ అమ్మ నీకేమైనా చెప్పిందా?"

"చెప్పింది, చిన్నాన్నా."

తిడతాడేమో అని చూసింది. ఆయన గుంట దగ్గరికొచ్చి, నీళ్లను చూసి, మెల్లగా చెప్పులు విడిచాడు. పచ్చదనం టోపీ అంచు దాటి జానెడు పాకింది.

టోపీని గడ్డం కింద కట్టుకునే గుడ్డపీలిక జారి నీళ్లను తాకుతోంది. దాని కొసను పట్టుకుని రెండు లేత రెక్కలు.