అరవై గంటల పుస్తకం

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయన గురించి ఎవరితో మాట్లాడినా 'అన్నారు', 'వచ్చారు' అనే అంటాను. ఈ సంగతి చెప్పడం అయ్యేదాకా మాత్రం ఆ మర్యాద నావల్ల కాదు.

నేను నర్సుని. వార్డులో పద్దెనిమిదేళ్లు నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాక, ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసే పోస్టు ఇస్తామన్నారు. షరతు ఒకటే, మూడు నెలల్లోగా డ్రైవింగు లైసెన్సు చూపించాలి. అలా నలభై నాలుగేళ్లొచ్చాక కారుకి ముందూ వెనకా ఎర్ర 'ఎల్' తగిలించుకుని స్టీరింగు పట్టుకున్నాను.

పరీక్షకు వెళ్లాలంటే ముందు అరవై గంటలు నడిపి ఉండాలట. పక్క సీట్లో అనుభవమున్న డ్రైవరు కూర్చోవాలి, అదీ మెలకువగా. బండి ఆపగానే లైసెన్సు ఆఫీసువాళ్లిచ్చిన పుస్తకంలో టైము రాసి, ఆ డ్రైవరు చేత సంతకం పెట్టించాలి. చివరి పేజీలో నేర్చుకునేవాళ్ల సంతకం.

రాయడం నాకు కొత్తా? వార్డులో మందు ఇచ్చిన నిమిషం రాస్తాం, రోగి వాంతి చేసుకుంటే అదీ రాస్తాం. ఆ అలవాటుతోనే రాశాను. 'మధ్యాహ్నం 3.10 నుంచి 3.55. వాన. మలుపులో ఇంజను ఆగింది.' ఇంకోరోజు, 'పక్కన ఉన్నవారు పదిహేను నిమిషాలు నిద్రపోయారు. అది లెక్కలోంచి తీసేశాను.' డ్యూటీ దిగి, రెండు ముద్దలు తిని, రోజూ చెమటలు కక్కుతూ అరవై గంటలు పూర్తి చేశాను. నేనేం రాశానో చూడకుండానే ఆయన సంతకాలు పెట్టాడు.

దరఖాస్తు ఇచ్చే రోజు లైసెన్సు ఆఫీసు ముందు ఆయన కారు ఆపి, నా చేతిలో కొత్త పుస్తకం పెట్టాడు.

"నీ పుస్తకం నిన్న చదివాను. నేను నిద్రపోయానని రాస్తావా? డిపోలో తెలిస్తే తలెత్తుకు తిరగగలనా? నీటుగా మళ్లీ రాశాను. సంతకం పెట్టు, క్యూ పెరుగుతోంది."

"పాతది ఏదీ?"

"చించి పారేశాను."

ఒళ్లు మండిపోయింది. కానీ గడువు ఇంకో రెండు రోజులే. గంటలు నిజంగా నడిపినవే కదా అనుకుని, పేజీలు తిప్పి చూడకుండా సంతకం గీకేశాను. నా సర్వీసు మొత్తంలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే. అందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

కౌంటర్లో ఆఫీసరమ్మ పేజీలన్నీ తిప్పి, తల ఎత్తింది.

"పక్కన కూర్చున్నది ఎవరమ్మా?"

"నేనేనండీ. సిటీ బస్సు డ్రైవర్ని," అన్నాడు ఆయన ఛాతీ విరుచుకుని.

"అనుకున్నాను. పొద్దున 6.10 నుంచి 7.25. నలభై ఎనిమిది సార్లూ అదే టైము, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. మీ బస్సు మొదటి ట్రిప్పు టైమా ఇది?"

అప్పుడు వెలిగింది నాకు. డిపోలో డ్రైవర్లు డ్యూటీ దిగేముందు, ట్రిప్పుల టైములు రాసే ట్రిప్ షీటు మొత్తం ఒక్కసారే నింపేస్తారు. బస్సు ఎంత ఆలస్యంగా వచ్చినా కాగితం మీద టైముకే వస్తుంది. నా వాన, నా మలుపు, నా ఆగిపోయిన ఇంజను, అన్నీ చెరిపేసి ఈయన తన ట్రిప్ షీటు రాసుకున్నాడు.

ఆమె దరఖాస్తుకు జత చేసిన నా ఆస్పత్రి ఉత్తరం తీసి పుస్తకం పక్కన పెట్టింది. నా డ్యూటీ పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు అని అందులో ఉంది.

"ఆ టైములో మీరు వార్డులో ఉన్నారు, ఈయన బస్సులో ఉన్నారు. మరి కారు ఎవరు నడిపారమ్మా?"

"నేనే నడిపానండీ. మధ్యాహ్నాలు. అరవై గంటలూ."

"నడిపే ఉంటారు. కానీ కింద సంతకం మీదే కదా."

పుస్తకం మీద రద్దు ముద్ర పడింది. గంటలు మళ్లీ మొదటినుంచి, ఆరు నెలల తర్వాతే పరీక్ష అని చెప్పి ఖాళీ పుస్తకం ఒకటి చేతికిచ్చింది. పోస్టు పోయినట్టే.

"ఆవిడకి మరీ చాదస్తం," అన్నాడు కారు దగ్గరికి వచ్చాక. "దానికేముంది, ఈసారి టైములు మార్చి మార్చి రాస్తాను."

నేను ఆయన మీద చెయ్యి ఎత్తలేదు, అదే గొప్ప.

"వానలో నడిపాను. లారీల మధ్య నడిపాను. మీరు గురక పెడుతుంటే కూడా నడిపాను. మీ పరువు కోసం అదంతా చించేశారు. తాళాలు ఇవ్వండి, అటు పక్కకి వెళ్లి కూర్చోండి."

నా మొహం చూసి, తాళాలు ఇచ్చేశాడు. ఇంటి ముందు బండి ఆపి, దిగకుండానే పుస్తకం తెరిచి రాశాను. '11.20 నుంచి 11.45. ఎండ. ఇంజను ఆగలేదు. పక్కన ఉన్నవారు మెలకువగా ఉన్నారు.'

"అది కూడా రాయాలా?"

"చదివి పెట్టండి సంతకం."

వేలు పెట్టుకుని చివరిదాకా చదివాడు. తర్వాత పెన్ను అడిగాడు. అరవై గంటల్లో ఇరవై అయిదు నిమిషాలు అయ్యాయి.