ఉదయం గ్రీష్మం, సాయంత్రం హేమంతం

ఋతువులు ఆరని నిర్ణయించిన పూర్వులు మిషిగన్ రాష్ట్రాన్ని చూచి ఉండరు. చూచి ఉంటే, ట్రాయ్ పట్టణంలో దామోదర్ ఇంటి నిమిత్తం మరొక రెండింటిని తప్పక కల్పించేవారు. 1981 జనవరిలో ఆ ఇంట ప్రతి ఉదయమూ గ్రీష్మం ప్రవేశించేది. బయట మోకాలి లోతు మంచు పడి ఉండగా లోపల గోడలు వెచ్చబడి, నేలలోని వెంట్ల నుండి వేడిగాలి విసిరికొట్టి, మనుషులు విసనకర్రలు వెదుక్కొనేవారు. మధ్యాహ్నం దాటిన పిమ్మట ఆ ఉగ్రత క్రమంగా తగ్గేది. దామోదర్ ఆఫీసు నుండి తిరిగివచ్చే వేళకు ఇల్లు గురువుగారిని చూచిన శిష్యునివలె అరవైఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీల వద్ద చేతులు కట్టుకొని నిలిచేది.

కావున భార్య చెప్పిన మాటను భర్త నమ్మే అవకాశం లేకపోయింది.

“ఇవాళ కూడా ఇల్లు కుంపటి అయిపోయిందండీ. కిటికీలు తెరుచుకుని కూర్చున్నాను” అన్నది జయంతి.

“జనవరిలో కిటికీలు తెరిచావా! గ్యాస్ కంపెనీవాళ్ళు మనకి శాలువా కప్పుతారు.”

“శాలువా వద్దు, విసనకర్ర ఇమ్మనండి. నా వీణ సంగతి ఏం చేస్తారో చెప్పండి ముందు.”

జయంతి బాధ అంతా వీణను గురించే. నూజివీడులో తయారైన ఆ వీణ చెక్కపెట్టెలో సముద్రాలు దాటి వచ్చినది. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం స్థానిక పాఠశాల హాలులో ఆమె కచేరీ ఏర్పాటైంది. పెళ్లయి ఈ దేశానికి వచ్చిన తరువాత నలుగురి ఎదుట వాయించడం ఆమెకు ఇదే మొదలు. వీణకు మెట్లన్నీ మైనంలో నిలిపి ఉంటాయి. ఆ మైనం మెత్తబడితే మెట్టు జారుతుంది, మెట్టు జారితే స్వరం చెడుతుంది. ట్రాయ్ చుట్టుపక్కల కారులో ఏ భాగం పాడైనా బాగుచేయగలవారు వేలమంది ఉన్నారు కాని, వీణకు మెట్లు సరిచేసి మేళం కట్టగలవాడు మాత్రం నూజివీడు దాకా వెళితే తప్ప దొరకడు.

దామోదర్‌కు ఇది మరొక విధంగా కూడా అవమానకరమైన విషయం. ఆయన కార్ల కంపెనీలో, చలికాలంలో వేడిని, వేసవిలో చల్లదనాన్ని కారులోనికి పంపే విభాగంలో ఇంజనీరు. తన ఇంటినే అదుపులో పెట్టలేనివాడని వినిపిస్తే ఆఫీసులో తల యెత్తుకొనే దారి ఉండదు.

ఇంట్లో మూడవ వ్యక్తి తాయారమ్మగారు. దామోదర్ తల్లికి అక్క, అతనికి దొడ్డమ్మ. షికాగోలోని బంధువుల ఇంటి నుండి గత ఆదివారమే వచ్చినది. మరునాటి నుండే చలిగాలులూ వచ్చినవి, ఇంటికి ఈ జబ్బూ వచ్చినది. అంత చలిలో, ఇంటికి వేడిగాలి పంపే ఫర్నేస్‌కు మతి చెడినదని అందరూ అనుకొన్నారు. తాయారమ్మగారు మాత్రం ఇంటిలో ఏ లోపమూ ఉన్నదనుకోలేదు.

“ఇప్పుడు కదే అమ్మాయ్, ఇల్లు ఇల్లులా ఉంది! షికాగోలో వాళ్ళు నన్ను ఫ్రిజ్జులో పెట్టి ఊరగాయలా దాచారు. ఇక్కడ బందరులో ఉన్నట్టే ఉంది.”

“బందరులో అయితే చెమటకి అలవాటు పడి ఉంటాం అత్తయ్యగారూ! ఆ గోడమీద డయల్ కాస్త తిప్పరూ?”

“నేనా? మడిలో ఉండి ఆ డబ్బాని ముట్టుకోనా? ఎన్ని చేతులు పడ్డాయో దానిమీద! నువ్వే తిప్పు.”

జయంతి తిప్పలేదు. తిప్పడానికి వీలు లేదు. ఆ డయల్‌కు ముందు తాయారమ్మగారి మడిచీర వేలాడుతున్నది.

ఆ చీర అక్కడికి రావడానికి కారణం చెప్పవలసి ఉన్నది. తాయారమ్మగారు ప్రాతఃకాలంలో స్నానం చేసి, తొమ్మిది గజాల నూలుచీరను తడిపి పిండి, ఇతరులు తాకని చోట ఆరవేసి, మరునాడు స్నానానంతరం దానినే కట్టుకొని దేవుని వంట చేస్తారు. ఆ చీరకు ఎవరి చేయి తగిలినా మడి పోతుంది. మడి పోతే వంట లేదు, నైవేద్యం లేదు, ఆమెకు భోజనమూ లేదు. అందుచేత ఆమె వచ్చిన రోజుననే దామోదర్ స్నానాలగదికీ దేవుని గదికీ నడుమనున్న నడవలో ఒక దండెం బిగించినాడు. దారిన పోయేవారికి చీర రాచుకొనకుండా గోడకు అరచేయి దూరంలో, రసమట్టం పెట్టి చూచి, ఎంతో నేర్పుగా బిగించినాడు. ఆ గోడకే, ఇంటి వేడిని కనిపెట్టి ఫర్నేస్‌ను నడిపే థర్మోస్టాట్ డయల్ ఉన్నమాట అతనికి తెలియకపోలేదు. ఒక గుడ్డ అడ్డు వచ్చినంతమాత్రాన దానికేమి అవుతుందని తలచినాడు.

శనివారం ఉదయమే దామోదర్, తన విభాగంలోనే పనిచేసే మిత్రుడు జగదీష్‌ను వెంటబెట్టుకొని హార్డ్‌వేర్ దుకాణానికి బయలుదేరినాడు. ఇంజనీర్లు ఇద్దరు హార్డ్‌వేర్ దుకాణంలో ప్రవేశిస్తే బయటపడటం తీర్థయాత్రకు వెళ్ళి రావడంతో సమానం. వారు మధ్యాహ్నానికి గాని తిరిగి రాలేదు. వచ్చేసరికి ఇల్లు చల్లబడి ఉన్నది.

“ఏంది భాభీ, మీరు చెప్పిన వేడి ఏడుంది? నాకైతే కోటు విప్పబుద్ధి అయితలేదు” అన్నాడు జగదీష్.

“పొద్దున రావలసింది అన్నయ్యగారూ. కోటేమిటి, చొక్కా కూడా విప్పేవారు.”

దామోదర్ నడవలోకి వెళ్ళి, “దొడ్డమ్మా, నీ చీర ఒక్కసారి తీస్తావా?” అని అడిగినాడు.

“ఆరిపోయిందిలే, తీస్తున్నాను. నువ్వు దూరంగా జరుగు. ఆ అబ్బాయిని ఇంకా దూరంగా జరగమను” అని ఆమె చీరను కర్రతో దింపి దేవుని గదిలోకి తీసుకొనిపోయినది.

అప్పుడు మిత్రులిద్దరూ యజ్ఞం ప్రారంభించినారు. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ స్విచ్ ఆపినారు. పాత థర్మోస్టాట్ మూత ఊడదీసి, దాని గాజుబుడ్డిలో పాదరసపు బిందువు అటూ ఇటూ దొర్లడం కొంతసేపు భక్తితో చూచినారు. వైర్లు గోడలోకి జారిపోకుండా వాటి కొసలను టేపుతో అంటించినారు. కొత్తదానిని వంకర లేకుండా నిలిపి, ఎర్రవైరును ఒక మరమేకుకు, తెల్లవైరును మరొక మరమేకుకు బిగించినారు.

“కరెక్టుగనే ఉంది కద?” అని జగదీష్ సందేహం.

“ఇందులో ఉన్నవే రెండు వైర్లు బాబూ. కార్‌లో మనం ఎన్ని కలుపుతున్నాం?”

“కార్‌లో తప్పు పోతే వేరే డిపార్ట్‌మెంట్ మీద తోస్తం. ఇక్కడ వదిన ఒక్కతే ఉంది.”

స్విచ్ వేసినారు. డయల్ పైకి తిప్పగానే ఫర్నేస్ గర్జించింది, కిందికి తిప్పగానే మౌనం వహించింది. దామోదర్ ముఖంలో సోమయాజి తేజస్సు కనిపించింది. ఆ సాయంకాలమంతా ఇల్లు అరవైఎనిమిది దాటలేదు. మరునాడు ఆదివారం కచేరీ హాలు చూడటానికని, స్నేహితుల ఇంట భోజనానికని ముగ్గురూ ఉదయమే వెళ్ళి సాయంత్రం తిరిగివచ్చినారు. ఇల్లు చక్కగానే ఉన్నది. బయలుదేరే ముందు తాయారమ్మగారు తడిచీరను యథాస్థానంలో ఆరవేసి వచ్చిన సంగతి ఎవరికీ తలపునకు రాలేదు.

సోమవారం ఉదయం గ్రీష్మం తిరిగి వచ్చింది.

జయంతి ఆఫీసుకు ఫోన్ చేసింది. “మీ కొత్తది పాతదానికంటే బాగా పనిచేస్తోందండీ. పాతది ఉడకబెట్టేది, ఇది వేయిస్తోంది.”

“అదెలా సాధ్యం! నేను టెస్ట్ చేశాను కదా?”

“మీరు టెస్ట్ చేసింది మీరు ఇంట్లో ఉన్నప్పుడు. నేను లేనప్పుడు మీరూ, మీరు లేనప్పుడు నేనూ చూస్తుంటే ఇక దేవుడే సాక్షి.”

“ఫర్నేస్ స్విచ్ ఆపెయ్యి.”

“పోయిన వారం అడిగితే ఆపకు, చలికి నీళ్ళగొట్టాలు పగులుతాయన్నారు!”

ఈ విధంగా వారమంతా గడిచింది. జయంతి వీణను ఉదయం పడమటి గదికీ, పిదప ఉత్తరపు గదికీ, అక్కడి నుండి మెట్లకిందికీ చంటిపిల్లను మోసినట్లు మోసింది. ప్రతి సాయంకాలమూ వీణ మెట్లు ఒక్కొక్కటే నొక్కి మీటి చూచుకొనేది. అన్నీ పలికినవి. పాపం దామోదర్ రాత్రి భోజనాల వేళ ఫర్నేస్ వాల్వును, గ్యాస్ ఒత్తిడిని, ఇంటిని కట్టినవాని బుద్ధిని వరుసగా అనుమానించినాడు.

కచేరీకి ముందు రోజైన శనివారం అతడు కదలక ఇంటనే కూర్చున్నాడు. తాయారమ్మగారు స్నానం చేసి, చీర ఆరవేసి, దేవుని గదిలో మౌనంగా జపానికి కూర్చున్నది. కొంతసేపటికి వెంట్లు ఊదడం ప్రారంభించినవి. అవి ఆగలేదు. దామోదర్ మొదట స్వెట్టరు విప్పినాడు, పిమ్మట చొక్కా గుండీలు విప్పినాడు, చివరకు బనీనుతో సోఫాలో కూలబడి, “జయంతీ, నువ్వు చెప్పింది నిజమే” అన్నాడు.

“ఈ మాట ముందే అని ఉంటే కనీసం చొక్కా మిగిలేది” అంటూ జయంతి వీణ ముందు కూర్చుని తీగ మీటింది. షడ్జం పలికింది. రిషభం, గాంధారం పలికినవి. మధ్యమం వద్ద ఆమె వేలు ఆగిపోయింది. మళ్లీ మీటింది. స్వరం కొద్దిగా పక్కకు పోయి, మూలిగినట్లు పలికింది. వంగి చూస్తే మైనం నిగనిగలాడుతున్నది, మెట్టు వెంట్రుకవాసి ఒరిగి ఉన్నది.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినవి. “ఏమండీ, మధ్యమం పోయింది.”

దామోదర్ ఒక్క ఉదుటున బేస్‌మెంట్‌కు పరుగెత్తి ఫర్నేస్ ఆపినాడు. జయంతి చెమట తుడుచుకొంటూ నడవలోకి వెళ్ళింది. చీరను తాకకుండా, గోడకు చెంప ఆనించి, చీరకూ గోడకూ నడుమనున్న సందులోనుండి లోపలికి చూచింది. తడిచీర మడతలు థర్మోస్టాట్‌ను కావలించుకొని ఉన్నవి. చెమట ఆమె గడ్డం మీదినుండి కారుతున్నది. థర్మోస్టాట్ ముల్లు మాత్రం అరవై డిగ్రీల దగ్గర చలికి వణుకుతున్నది.

ఆమె పకపక నవ్వసాగింది. బేస్‌మెంట్ నుండి పైకి వచ్చిన దామోదర్ భార్యకు వేడి తలకెక్కినదని భయపడినాడు.

“ఏమిటే ఆ నవ్వు?”

“రండి, చూడండి. ముట్టుకోకండి, చూడండి చాలు. వేసవిలో మా అమ్మ కూజాకి తడిగుడ్డ చుట్టేది, నీళ్ళు చల్లబడాలని. మీరు థర్మోస్టాట్‌కి చుట్టించారు. దానికి పాపం ఇల్లంతా చలేస్తోందని అనిపించి, పొద్దుటి నుంచి మంట పెట్టమంటోంది. చీర ఆరగానే బుద్ధి వస్తోంది.”

దామోదర్ సందులోకి చూచినాడు. గోడను చూచినాడు. దండేన్ని చూచినాడు. “ఈ దండెం ఎవరు బిగించారు?” అన్నాడు నీరసంగా.

“మీరే. రసమట్టం కూడా పెట్టారు.”

అప్పుడే దేవుని గది తలుపు తెరుచుకొని తాయారమ్మగారు బయటికి వచ్చినది. బనీనుతో నిలిచిన కొడుకును, కళ్ళు తుడుచుకొంటున్న కోడలిని చూచి, “ఏమైందర్రా? ఇల్లు చల్లబడుతోందేం?” అన్నది.

దామోదర్ గాలిలోని తేమ, ఆవిరి, ఉష్ణోగ్రత అంటూ ఒక ఉపన్యాసం ఆరంభించినాడు. జయంతి అతనిని ఆపి కూజా సంగతి రెండు మాటల్లో చెప్పింది. తాయారమ్మగారు చీర వైపు ఒకసారి, వీణ వైపు ఒకసారి చూచినది.

“నాకు చెబితే మొదటిరోజే తీసేదాన్ని కదర్రా! నేనేం రాక్షసినా?”

“మడి కదా అత్తయ్యగారూ, మిమ్మల్ని నొప్పించడం ఎందుకని…”

“మడి నన్ను శుభ్రంగా ఉంచడానికే అమ్మాయ్, సరస్వతి ఇంట్లో మైనం కరిగించడానికి కాదు. ఒరేయ్ దామోదరం, ముందు చొక్కా తొడుక్కో, ఆ తరవాత నా గదిలో ఇంకో దండెం బిగించు. ఏ డబ్బాలూ లేని గోడ చూసి మరీ బిగించు.” కర్రతో చీరను ఎత్తి భుజాన వేసుకొని ఆమె జయంతి వైపు తిరిగినది. “ఏ స్వరం పోయింది?”

“మధ్యమం. మూడు నెలలుగా శంకరాభరణం సాధన చేశాను. మైనం మెత్తగా ఉండగా వేలు పెడితే పక్క మెట్టు కూడా కదులుతుంది, గట్టిపడ్డాక ఇది అసలు కదలదు. కచేరీ వద్దని ఫోన్ చేస్తాను.”

“ఫోనూ వద్దు, ఏమీ వద్దు. ఏకాదశినాడు అన్నం వండుతానా నేను?”

“వండరు.”

“ఆ రోజు ఇంట్లో ఎవరైనా పస్తున్నారా? రవ్వతో, పెసరపప్పుతో, చిలగడదుంపలతో నాలుగు రకాలు చేసిపెడితే, ఏకాదశి ఇంకోరోజు కూడా వస్తే బాగుండునంటాడు వీడు. నీ వీణకి రేపు ఏకాదశి అనుకో. మధ్యమం లేని రాగం ఏదీ రాదా నీకు?”

జయంతి వీణ దగ్గర కూర్చుని మోహన రాగం ఆరోహణ ఒకసారి మెల్లగా వాయించింది. ఒరిగిన మెట్టును వేలు తాకలేదు. ఇంట్లో చల్లదనం నెమ్మదిగా వ్యాపిస్తున్నది. దామోదర్ చొక్కా తొడుక్కోవడం మరచి చేత స్క్రూడ్రైవర్‌తో నిలిచి వింటున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. జగదీష్ ముందు వరుసలో కూర్చుని, కార్యక్రమం కాగితంలో శంకరాభరణం అని ఉన్నదేమిటి, వినిపిస్తున్నదేమిటి అని దామోదర్‌ను మోచేతితో పొడిచినాడు. “డిజైన్ చేంజ్” అన్నాడు దామోదర్.

రాగం మధ్యలో ఒక్కచోట, మూడు నెలల అలవాటు కొద్దీ జయంతి వేలు గాంధారం నుండి తిన్నగా పక్కమెట్టు మీదికి బయలుదేరింది. దామోదర్ ఊపిరి బిగబట్టినాడు. వేలు గాలిలో అరక్షణం నిలిచి, ఆ మెట్టును దాటి పంచమం మీద వాలింది. ఆ చిన్న విరామం విన్న శ్రోతలు అదొక అందమని భావించి తలలూపినారు. ఎవరో “ఆహా” అన్నారు.

తాయారమ్మగారు పక్కనున్న దామోదర్ చెవిలో, “చూశావురా, ఉపవాసం ఉంటే ముఖంలో కళ ఎలా వస్తుందో!” అన్నది.