దిష్టి తగలని కవిత

కరెంటు పోతే చాలు, మా క్లాసులో ఎవరో ఒకరు "సింహాచలం, ఏదీ ఓసారి నవ్వు, ఎక్కడున్నావో తెలుస్తుంది" అనేవారు. ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోని రోజంటూ ఉండేది కాదు, కాబట్టి నేను నవ్వని రోజూ ఉండేది కాదు. ఒళ్ళు మండిపోయేది. అయినా నవ్వేదాన్ని.

పదకొండో క్లాసులో ఆ మంటనంతా బెంగాలీలో కవితగా రాశాను. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడుకోవడానికే, రాయడం రాదు. కవిత పేరు "మద్రాసీ". ఆ మద్రాసు ఎక్కడుందో నేనెరగను. మా అయ్య కోదండం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మెటియాబ్రుజ్ దగ్గర ఓడల డాకులో మూటలు మోసేవాడు. నేను పుట్టింది ఇక్కడే.

చలికాలంలో మా పేట క్లబ్బువాళ్ళు కవితల సభ పెట్టారు. పేటకంతా అన్నలాంటి సెక్రటరీ మృత్యుంజయదా నా కవిత చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది అందరూ వినాలి" అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఆ మాటలు అన్నవాళ్ళే ముందు కూర్చుని, వాటిని నా నోట విని, ఒక్కసారి తలదించుకోవాలి. నేను కోరుకున్నది అంతే.

"ఒక్క సంగతి" అన్నాడు మృత్యుంజయదా. "నీ బెంగాలీ మరీ మాలాగే ఉంది. కాస్త మీ యాసలో చదివితే నిజంగా మద్రాసీ పిల్లలా ఉంటుంది. తల్లో పూలు కూడా పెట్టుకో."

"నా యాస ఇదే దాదా" అన్నాను. పూలు పెట్టుకోలేదు.

సభకి మా అమ్మ నరసమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. చేపల బజారులో బేరమాడేంత బెంగాలీ తప్ప ఆమెకు రాదు. స్టేజీ ఎక్కబోతుంటే నా చెంప మీద కాటుకతో దిష్టి చుక్క పెట్టింది. మృత్యుంజయదా, కార్మికుడికి జాతి లేదు, రంగు లేదు అని చాలాసేపు మాట్లాడి, "ఇప్పుడు మన మద్రాసీ చెల్లెలు" అని నన్ను పిలిచాడు.

*చీకట్లో నన్ను నవ్వమన్నారు, నా పళ్ళే దీపాలట.*
*సబ్బరుగుతుంది కానీ నీ రంగరగదన్నారు.*
*రోజూ ఇడ్లీలేనా అని అడిగారు.*
*మా ఇంట్లో పొద్దున్నే చద్దన్నం, ఉల్లిపాయ.*

మొదటి మాటకే జనం నవ్వారు. అర్థం కాలేదేమో అనుకుని నెమ్మదిగా చదివాను. నెమ్మదిగా చదివితే ఇంకా నవ్వొచ్చింది వాళ్ళకి. నవ్వేవాళ్ళ ముందు జారిపడ్డట్టయింది నా పని. "లైట్లు ఆర్పండి, చూద్దాం" అని వెనక నుంచి ఎవరో అరిచారు. చివర్లో "ఈ నలుపు మా అమ్మ ఇచ్చింది, ఎవరడిగినా ఇవ్వను" అని ఉంది. ఆ నవ్వుల్లో అది మైకులోనే ఉండిపోయింది, ఒక్కరికీ వినపడలేదు. ముందు వరసలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కూతురు ఇంతమందిని నవ్వించిందని ఆమె మురిపెం.

"అదరగొట్టావు. దుర్గాపూజలకి ఇంకో నవ్వుల కవిత రాయి" అన్నాడు మృత్యుంజయదా. తలూపాను.

మర్నాడు పొద్దున్న అయ్య డాకులో రాత్రి పని ముగించి వచ్చి టీ తాగుతున్నాడు.

"ఓసారి సదువే గుంటా, మీ అయ్య కూడా నవ్వుతాడు" అంది అమ్మ.

"వద్దమ్మా."

"ఊరోల్లందరికీ సదివినావు, అయ్యకి సదవ్వేటి?"

చదివాను. అయ్యకి డాకు బెంగాలీ బాగా వచ్చు. మొదటి మాటకే గట్టిగా నవ్వాడు. మరుక్షణం టీ గ్లాసు కింద పెట్టాడు.

"మేస్త్రీ మమ్మల్నీ ఈ మాటే అంతాడు. నవ్వకపోతే మర్నాడు పన్లోకి పిలవడు. ఇనీసరికల్లా నవ్వొచ్చేస్తాది, ఏటి సేస్తాం" అన్నాడు. నా వైపు తిరిగి, "నిన్నెవులన్నారే?" అని అడిగాడు.

నేను చెప్పలేదు. చెబితే మాత్రం ఆయన ఏం చేయగలడు? అది ఆయనకీ తెలుసు, మళ్ళీ అడగలేదు.

ఈలోగా అమ్మ గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని నాకు దిష్టి తీసింది. నిన్న అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయని ఆమె భయం. దిష్టి గట్టిగా తగిలితే మిరపకాయలు ఎన్ని కాల్చినా ఘాటు రాదంటారు. బొగ్గుల పొయ్యిలో వేసిందో లేదో, ఘాటు గది నిండా కమ్మేసింది. ముగ్గురం దగ్గలేక చచ్చాం.

అమ్మ మొహం చిన్నబోయింది. "అదేటే, అంతమంది సూసినారు కదా. ఒక్కలి దిష్టయినా తగల్లేదేటి?"

అయ్య లేచి కిటికీ తెరిచి, అటే చూస్తూ నిలబడ్డాడు. అమ్మకి నమ్మకం కుదరలేదు. ఇంకో నాలుగు మిరపకాయలు తీసి నన్ను మళ్ళీ కూర్చోమంది. కూర్చున్నాను.