డాక్టరుగారి కోసం దాచిన సబ్బు

సొరుగులో ఒక తెల్ల తువ్వాలు, దాని మడతలో కాగితం విప్పని సబ్బు ఉండేవి. బ్రిటన్‌లోని ఆ వేల్స్ బొగ్గుగనుల లోయలో చాలా ఇళ్లలో అంతే. డాక్టరు ఇంటికొస్తే చేతులు కడుక్కోవడానికి. మోర్విద్ పెళ్లయిన ఏడాది దాచిన సబ్బది. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ బయటికి తీయలేదు. జీతంలోంచి కోసుకునే గని చందా మీద వైద్యం, గనిలో పనిచేసే ఆమె భర్త ఇద్వల్‌కే తప్ప ఆమెకు లేదు.

1948 జూలై నాలుగు, ఆదివారం. మోర్విద్ చర్చి ప్రార్థన నుంచి వచ్చి, టోపీ తీయకుండానే భర్తతో అంది:

"రేపు డాక్టరు దగ్గరికెళ్తా. రొమ్ములో గడ్డ."

"ఎప్పట్నుంచే?"

"క్రిస్మస్ నుంచి."

"ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నావా?"

"రేపట్నుంచి సర్కారు వైద్యం అందరికీ ఉచితమన్నారుగా. నీ బూట్లు చిల్లులు పడ్డాయి, నేనెలా చెప్పను?"

మర్నాడు డాక్టరు వాకిట్లో మొదలైన వరస మాంసం కొట్టు దాటింది. ముందు నిలబడ్డ పక్కింటి కైన్వెన్ బోసినోటితో నవ్వింది.

"ఉచిత కళ్లద్దాలకా, కట్టుడు పళ్లకా? నాకైతే పళ్లు రాగానే ముందు మా ఆయన్ని కొరుకుతా!"

మోర్విద్ కూడా నవ్వింది. ఇద్వల్‌కు ఆ నవ్వు చాలా కాలం గుర్తుండిపోయింది.

డాక్టరు ప్రాసర్ పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అయినా ఆమెను తాకే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చజేసుకున్నాడు.

"ఇంత ఆలస్యం చేశావేమమ్మా?"

"ఈ రోజు కోసమే ఆగాను డాక్టరుగారూ."

ఆయన పట్నం ఆసుపత్రికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు.

అక్కడ మంచం ఖాళీ లేదు. నర్సులు చాలక రెండు వార్డులకు తాళాలు వేశారు. పిలుపు ఏడో వారంలో వచ్చింది. కోసి చూసి, మళ్లీ కుట్టేసి, ముదిరిపోయిందని ఇంటికి తీసుకెళ్లమన్నారు.

ఆపైన సైకిల్ మీద నర్సమ్మ రోజూ వచ్చేది. మొదటిరోజు ఇద్వల్ ఆ సబ్బు విప్పాడు. ఎండి, బీటలు వారి ఉంది. నర్సమ్మ విసుక్కోకుండా నురగ వచ్చేదాకా రుద్దింది. కట్టు మార్చి, "రేపొస్తా," అని వెళ్లిపోయింది.

"నా సబ్బు వాడిందా?" అంది మోర్విద్.

"వాడింది."

"వాసనుందా ఇంకా?"

ఇద్వల్ బొగ్గు ఇంకిన తన చేతులు ఆ సబ్బుతో కడిగి, తడి అరచెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని పీల్చింది.

"మంచి సబ్బే. ఊరికే దాచాను."

ఆమె నిద్రపోయేదాకా అతను చెయ్యి తీయలేదు.