సుభాషిణి నొప్పిని చూపించాను

నేను ఒక తలకిందుల మైక్రోస్కోపుని. మామూలు మైక్రోస్కోపులు వస్తువును పైనుంచి చూస్తాయి. నా కటకాలు కింద ఉంటాయి, పైకి చూస్తాయి. డిష్ అడుగున అతుక్కుని పెరిగే కణాలను చూడాలంటే ఇలాగే కుదురుతుంది.

జపాన్‌లో తయారయ్యాను. ఓడలో విశాఖ చేరాను. మొదటి కొలువు భీమవరం దగ్గర రొయ్యల జబ్బుల ల్యాబులో. రొయ్య మేత మానేస్తే రైతు ఆ పూటే బకెట్టుతో పరుగెత్తుకొచ్చేవాడు. ఆ ల్యాబు మూతపడ్డాక విశాఖపట్నంలో ఆడవాళ్ల జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లు నన్ను కొనుక్కున్నారు. సుభాషిణి కడుపునొప్పి నా దాకా రావడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది.

సుభాషిణి అనకాపల్లిలో టైలరు. నెలనెలా నొప్పితో కుట్టుమిషను మీద తల వాల్చేసేది. పెళ్లయితే తగ్గుతుందన్నారు. పెళ్లయ్యాక, పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. భర్త అక్క వరహాలమ్మ అయితే పని తప్పించుకునే నాటకమంది. చివరికి ఒక డాక్టరమ్మ స్కాన్ తీయించి ఎండోమెట్రియోసిస్ అని తేల్చింది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట, అండాశయం మీద పెరిగింది. ఆపరేషన్‌లో తీసిన ముక్కలో కొంత, ఆమె ఒప్పుకోవడంతో, మా ల్యాబుకు వచ్చింది. దాని కణాలను డిష్‌లో పెంచుతున్నారు. ఈ జబ్బు క్యాన్సర్ కాదు. కొద్దిమందిలో మాత్రం అండాశయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. ఎందుకో కనుక్కోవడం పరిశోధకురాలు హిమబిందు పని.

సుభాషిణి అడిగింది ఒక్కటే. "ఆ కణాలను మా వదినకు ఒకసారి చూపించండి మేడమ్."

బయటివాళ్లను ఆ గదిలోకి రానివ్వరు. ల్యాబు పెద్ద కామేశ్వరి ఆలోచించి, దసరా మర్నాడు రమ్మంది.

దసరాకు కామేశ్వరి యంత్రాలన్నిటికీ ఆయుధపూజ చేసింది. దుమ్ము పడకూడదని నాకు రోజూ ముసుగు వేయించే మనిషే నా ముఖాన కుంకుమ పెట్టింది. నేను కాదనలేదు. మర్యాద ఎవరికి చేదు?

మర్నాడు హిమబిందు నాలోకి చూసింది. సుభాషిణి కణాల మధ్య నల్లచుక్కలు. ఒక్క చూపుకే "బూజు" అంది. బూజు పట్టిన డిష్‌ను అప్పటికప్పుడు పారేయాలి, లేకపోతే పక్కవాటికి పాకుతుంది. ఆమె బ్లీచింగ్ నీళ్లు కలుపుతుండగా సుభాషిణి, వరహాలమ్మ వచ్చారు.

"చూపించడానికి ఏమీ లేదండీ. పాడైపోయాయి" అంది హిమబిందు.

"బస్సు ఛార్జీలు దండగ. నాను ముందే సెప్పాను" అంది వరహాలమ్మ.

"పారేసే ముందు నన్నొకసారి చూడనివ్వండి" అంది సుభాషిణి.

హిమబిందు డిష్ జరిపే మర చూపించింది. సుభాషిణి అటూ ఇటూ తిప్పింది.

"గుంపులుగా ఉన్నవి జరుగుతున్నాయి. ఈ చుక్కలేంటి మేడమ్, కదలకుండా అక్కడే కూర్చున్నాయి?"

హిమబిందు ఆమెను దాదాపు తోసేసి చూసింది. చుక్క డిష్‌లో ఉంటే డిష్‌తో పాటు జరగాలి, జరగకపోతే అది నా అద్దం మీదిదే. మొదటి వారంలో నేర్పే పరీక్ష ఇది. భయంలో మరిచిపోయింది. కన్ను పెట్టే అద్దం తుడిచింది. గుడ్డకు ఎరుపు అంటింది. వెలుగుకు అడ్డుపడి నల్లగా కనిపించింది అదే. చుక్కలు పోయాయి.

"మేడమ్, మీరు పెట్టిన బొట్టు!" అని హిమబిందు కామేశ్వరిని కేకేసింది.

కామేశ్వరి పరుగున వచ్చి గుడ్డ చూసింది. "భక్తి కాస్త ఎక్కువైంది" అంది.

"వచ్చే ఏడు నమస్కారంతో సరిపెట్టండి" అంది హిమబిందు.

"మీ నవ్వులయ్యాక నాకూ సూపించండి" అంది వరహాలమ్మ.

కళ్లజోడు తీసి వంగింది. చాలాసేపు లేవలేదు.

"ఇయి బతికున్నాయేటమ్మా?"

"బతికే ఉన్నాయండి. పెరుగుతున్నాయి."

"ఇయన్నీ దీని కడుపులో ఉండీయా?"

"ఉండేవి. మళ్లీ రావచ్చు. మందులు వాడాలి, నొప్పి రోజుల్లో విశ్రాంతి ఇవ్వాలి."

వరహాలమ్మ మరదలి వైపు చూడలేదు. ఫోన్ తీసి తమ్ముడికి చేసింది.

"ఒరే సింహాద్రీ, నాటకం కాదురా. నా కళ్లతో సూసినాను. ఇకమీదట ఆ రోజుల్లో వంట నువ్వే సెయ్యాల."

సుభాషిణి స్టూలు మీద కూర్చుని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. హిమబిందు డిష్‌ను వెచ్చటి పెట్టెలోకి చేర్చింది.

చిన్నవాటిని పెద్దవి చేస్తానని నాకు పేరు. ఆ రోజు సుభాషిణి నొప్పిని మాత్రం ఉన్నంతే చూపించాను, పెద్దది చేయలేదు.

అవతల సింహాద్రి ఏమన్నాడో నాకు వినపడలేదు.

"సాంబారు రాకపోతే సారు పెట్టు" అంది వరహాలమ్మ.