ఆరో మంచం మార్కులు

సబ్బుల కంపెనీలో పదకొండేళ్లు పనిచేసి, ఆ పెద్దాసుపత్రికి ప్రణాళికాధికారిగా వచ్చినాయనకు నర్సులు మొదటి వారంలోనే ‘సబ్బుల సారు’ అని పేరు పెట్టేశారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినా పట్టించుకోలేదు, ఎందుకంటే ఆయన ధ్యాసంతా తన గది గోడకు కట్టిన బోర్డు మీదే ఉంది.

వార్డుకో వరస, వరసకు నాలుగు గడులు, పని బాగుంటే పచ్చ బిళ్ళ, వెనకబడితే ఎర్ర బిళ్ళ. సబ్బుల కంపెనీలో ఆ బోర్డు పుణ్యమా అని ఏ మిషను ఎక్కడ మొరాయిస్తోందో ఇట్టే తెలిసిపోయేది. వైద్యం చేస్తూ వైద్యం నేర్పే చోట కూడా అలాగే తెలిసిపోతుందని ఆయన గట్టి నమ్మకం. తెలిసింది కూడా. అన్ని వార్డులూ పచ్చగా కళకళలాడుతుంటే నాలుగో వార్డు ఒక్కటే ఎర్రగా కూర్చుంది. మిగతా చోట్ల ఉదయం రౌండ్లో రోగికి నాలుగు నిమిషాలు పడితే అక్కడ పదిహేడు.

“శుక్రవారం మీటింగ్‌కల్లా అది కూడా పచ్చబడాలి,” అన్నారు డైరెక్టరు గారు. ఆ ఆసుపత్రి కాలేజీలోనే డాక్టరు చదువు చదివి ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి, నవ్వడం తక్కువ. “లేకపోతే మీ ఆరు నెలల ఉద్యోగ గడువు పొడిగించడానికి నా దగ్గర కారణం ఉండదు.”

ఆలస్యానికి మూలం పట్టుకోవడం సబ్బుల సారుకు వెన్నతో పెట్టిన విద్య. మంచాల పక్కన డాక్టరు చదువు పిల్లలకు చెప్పే పాఠం వల్లే ఇదంతా అని తేల్చి, పాఠాన్ని కింది హాల్లోకి మార్చాలని ఉత్తరం తయారుచేశాడు. గుండె చప్పుళ్లు రికార్డు చేసి స్పీకర్లో వినిపిస్తే సరి. ఇక కావలసింది అక్కడ పాఠం చెప్పే ప్రొఫెసరమ్మ సంతకం ఒక్కటే. గురువారం పొద్దున్నే ఆ కాగితం జేబులో పెట్టుకుని నాలుగో వార్డుకు వెళ్లాడు.

గుమ్మంలోనే హెడ్ సిస్టర్ ఆపింది. “తెల్ల కోటు లేకుండా రౌండ్లో నడవనివ్వం సార్,” అంటూ కొక్కేనికి వేలాడుతున్న కోటు తీసి తొడిగించింది. అక్కడే వచ్చింది చిక్కు. ప్రొఫెసరమ్మ మొహాలు చూడడం ఏనాడో మానేసింది, కోట్లు మాత్రమే చూస్తుంది. ఆరో మంచం దగ్గర ఎనిమిదిమంది పిల్లల వెనక ఒదిగి నిలబడ్డ తొమ్మిదో కోటు ఆవిడ కంట పడింది.

“వెనక దాక్కున్నావే, నువ్వు రా. విని చెప్పు.”

“మేడమ్, నేను...”

“వినకముందే సాకులొద్దు.”

పిల్లలు నవ్వు బిగబట్టుకున్నారు. ఎవరో ఆయన మెడలో స్టెతస్కోపు వేశారు. సంతకం కోసం వచ్చినవాడు ఆవిడతో ఏం వాదిస్తాడు, నోరు మూసుకుని వంగాడు. ఆరో మంచం తాతకు గుండెలో ఒక కవాటం ఇరుకు. ఇరవయ్యారేళ్లుగా ఏటా ఓసారి వచ్చి పది రోజులుండి వెళ్తాడు.

“ఆ బిళ్ళ చల్లగా ఉంది బాబూ, అరచేతిలో కాస్త వెచ్చబెట్టు,” అన్నాడు తాత. “ఇప్పుడు పెట్టు. అక్కడ కాదు, కిందకి. ఇంకాస్త ఎడమకి. ఉండు, నేను పక్కకి తిరుగుతా. ఊపిరి బిగబడతా, అప్పుడు విను.”

మొదట ఏమీ వినపడలేదు. తర్వాత రెండు చప్పుళ్లు, వాటి వెనకే సన్నని గురకలాంటిది ఇంకొకటి. సబ్బుల సారు ఇంకాస్త వంగి మళ్లీ విన్నాడు. పదకొండేళ్లలో ఆయన కోట్ల సబ్బులు లెక్కపెట్టాడు. ఏ సబ్బూ ఇలా పక్కకి తిరిగి పడుకుని ఆయనకు పని నేర్పలేదు.

“వినిపిస్తోంది,” అన్నాడు, మొహం చాటంత చేసుకుని.

“సిస్టరమ్మా, రాసుకో,” అన్నాడు తాత. “పదికి రెండు. పేరు చెప్పలేదు, వినొచ్చా అని అడగలేదు, విన్నాక నాకు ధైర్యం చెప్పలేదు. చెయ్యి మాత్రం మెత్తగా పెట్టాడు, ఆ రెండూ దానికి.”

హెడ్ సిస్టర్ పొడుగాటి పుస్తకంలో రాసుకుంది. అలాంటివి ఆమె సొరుగులో ఇంకో రెండున్నాయి. తాత మొదలుపెట్టిన ఆట మిగతా మంచాలకూ పాకి, ఆ వార్డులో రోగులందరూ మార్కులు వేసేవాళ్లే. సబ్బుల సారు ఆ పేజీలు తిప్పుతూ అరగంట అక్కడే కూర్చుండిపోయాడు. మొదటి వారం ఒకటీ రెండూ తెచ్చుకున్న పిల్లలు నాలుగో వారానికి ఏడూ ఎనిమిదీ తెచ్చుకుంటున్నారు. తను గోడకు కట్టిన బోర్డు లాంటిది వీళ్లు ఎప్పుడో సొరుగులో పెట్టుకున్నారు. ఆయనకు సిగ్గేసింది, సిగ్గుకన్నా ఎక్కువగా సంతోషమేసింది. జేబులో కాగితం బయటికి తీయకుండానే వచ్చేశాడు.

శుక్రవారం మీటింగ్‌లో నాలుగో వార్డు ఎర్రగానే ఉంది. దాని పక్కన కొత్తగా ఐదో గడి, అందులో పచ్చ బిళ్ళ.

“ఇదేమిటి?” అన్నారు డైరెక్టరు గారు.

“రోగులు పిల్లలకు వేసిన మార్కులు సార్. ఆ పదిహేడు నిమిషాలూ దానికే పోతున్నాయి. పోనివ్వాలి.”

“మిగతా వార్డులకు ఆ గడి ఖాళీగా ఉందే.”

“వాళ్ల దగ్గర పుస్తకం లేదు సార్.” ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ, హెడ్ సిస్టర్‌ను అడిగి తెచ్చిన మూడు పుస్తకాలూ బల్ల మీద పెట్టాడు.

డైరెక్టరు గారు అన్నిటికన్నా పాతది లాక్కున్నారు. ఏదో పేజీ కోసం వెతికి పట్టుకున్నారు.

“తాత మిమ్మల్నీ వదిలుండడు. ఎంత వేశాడు?”

“రెండు సార్.”

ఆయన పుస్తకాన్ని ఇటు తిప్పి తన పేరు మీద వేలు పెట్టారు. పక్కన ఒకటిన్నర అని ఉంది. కింద కారణం కూడా ఉంది: చేతులు చల్లన, మొహం గంటు పెట్టుకుని చూశాడు.

“సోమవారం నుంచి అన్ని వార్డులకూ పుస్తకాలు పంపండి,” అన్నారు. “మీరు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. నాకన్నా అర మార్కు ఎక్కువే తెచ్చుకున్నారు.” పుస్తకం మూస్తూ అడిగారు: “తాత ఇంకా ఉన్నాడా?”

“ఆరో మంచంలోనే సార్.”

మీటింగ్ ముగియగానే ఇద్దరూ బయల్దేరారు. నాలుగో వార్డు మెట్లెక్కుతున్నంతసేపూ డైరెక్టరు గారు అరచేతులు రుద్దుకుంటూనే ఉన్నారు.